తంగేడు పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

బీళ్లలో, రైలు కట్టల వెంట, గుట్టల వాలుల్లో ఎవరూ చుక్క నీళ్లు పోయకుండానే తంగేడు విరగబూస్తుంది. అదే మొక్కను ఇంటికి తెచ్చి నాటితే మాత్రం చాలామందికి దక్కడం లేదు. మొక్క మొండిదే. మనం చేసే మర్యాదలు ఎక్కువై చస్తోంది.

నర్సరీలో తంగేడు అని ఇచ్చారు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

పువ్వు చూసి తేల్చకండి. పసుప్పచ్చటి అయిదు రేకుల పువ్వు దీని చుట్టాలందరికీ ఉంటుంది. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట చూడండి. కాడకు రెండు పక్కలా చెవి తమ్మెల్లాంటి గుండ్రటి ఆకుపచ్చ రెక్కలు ఉండాలి. ఆకు ముదిరినా అవి రాలవు. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలో ‘ఆరిక్యులేటా’ అంటే చెవులు గలది అనే అర్థం. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది, రెండూ ఒకటే.

తర్వాత ఈనె చూడండి. ఒక్కో ఆకులో మామూలుగా 8 నుంచి 12 జతల చిట్టి ఆకులుంటాయి. ఒక్కొక్కటి అంగుళం లోపే. చివర గుండ్రంగా ఉండి, కొసన సూది మొనంత ముల్లు తగులుతుంది. ప్రతి జతకూ మధ్య, ఈనె మీద నిటారుగా నిలబడ్డ చిన్న గ్రంథి ఉంటుంది. భూతద్దం అక్కర్లేదు, ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే చాలు. గ్రంథి మొదటి రెండు మూడు జతల మధ్యే ఉండి, చెవుల బదులు సన్నటి దారాల్లాంటివి ఉంటే అది తోటల్లో అందానికి పెంచే సెన్నా సురాటెన్సిస్. నర్సరీల్లో ఎక్కువగా అంటగట్టేది దాన్నే. అదీ బాగానే పూస్తుంది కానీ తంగేడు కాదు.

కాయ దొరికితే ఇక సందేహమే ఉండదు. తంగేడు కాయ బద్దలా పలచగా, కాగితంలా ఉంటుంది. మూడు నాలుగు అంగుళాల పొడవు. గింజకూ గింజకూ మధ్య అడ్డంగా నొక్కినట్టు గీతలు పడి ఉంటాయి.

నేల తంగేడు, సీమ తంగేడు, రేల, కసింత ఇవన్నీ దీని రకాలేనా?

కావు. పేర్లు కలిసినంత మాత్రాన వాడకాలు కలవవు.

నేల తంగేడు అంటే సునాముఖి, విరేచనాల మందు. సీమ తంగేడు పెద్ద చెట్టు, రోడ్ల పక్కన నీడకు వేస్తారు. దాని ఆకు ఈనె మీద గ్రంథులు ఉండవు. రేల కూడా చెట్టే, పువ్వులు ద్రాక్ష గుత్తుల్లా కిందికి వేలాడతాయి, కాయ నల్లటి కర్రలా ఉంటుంది. మెట్ట తామర ఆకులు అరచేయంత పెద్దవి, పూలు కొవ్వొత్తుల్లా నిటారుగా లేస్తాయి.

జాగ్రత్త పడాల్సింది కసింత దగ్గర. దాని ఆకు మొన తేలి ఉంటుంది, నలిపితే కంపు కొడుతుంది. దాని గింజలు తిని పిల్లలకు కాలేయం, మెదడు దెబ్బతిన్న ఉదంతాలు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో నమోదయ్యాయి. గింజలు సేకరించేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళితే ఈ రెండు మొక్కల తేడా ముందే చూపించండి.

ఏ నేలలో వస్తుంది?

మొరం నేల, ఎర్ర చెల్క, దుబ్బ, సున్నపు రాళ్ల నేల, నల్లరేగడి గట్టు, ఒక మోస్తరు చవుడు, అన్నిట్లో వస్తుంది. అనంతపురం లాంటి వాన తక్కువ చోట్ల కూడా తనంతట తనే పెరుగుతుంది. రానిదల్లా నీళ్లు నిలిచే చోట, నీడలో. పెద్ద చెట్టు కింద నాటితే సన్నగా సాగి, ఆకులు వేసి, పూయకుండా ఉండిపోతుంది. రోజులో కనీసం ఆరేడు గంటల ఎండ తగలాలి.

గింజలు ఎప్పుడు ఏరుకోవాలి?

పూత ఎక్కువగా వానాకాలం చివరి నుంచి కార్తీకం దాకా ఉంటుంది కాబట్టి కాయలు పుష్య, మాఘ మాసాల్లో, అంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఎండుతాయి. గోధుమ రంగుకు తిరిగి, కొమ్మ ఊపితే గలగలమనే కాయలే కోయండి. పచ్చి కాయ కోసి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది.

కోసిన కాయల్ని రెండు రోజులు ఎండలో పోసి, గోనె సంచిలో వేసి కర్రతో కొట్టి, చేటతో చెరిగితే గింజ విడిపోతుంది. ఒక్కో కాయలో 10 నుంచి 20 దాకా గింజలుంటాయి. అన్నీ మంచివి కావు. చిన్న గుండ్రటి చిల్లు ఉన్న గింజ పుచ్చుదే. పుచ్చు పురుగు కాయ చెట్టు మీద ఉండగానే లోపల గుడ్డు నుంచి పెరిగి, గింజను తొలుచుకుని బయటికి వస్తుంది. అలాంటి గింజలు నీళ్లలో వేస్తే పైకి తేలతాయి, పారబోయండి. మంచి గింజల్ని బాగా ఆరబెట్టి, గుప్పెడు ఎండిన వేపాకు కలిపి సీసాలో పెడితే పురుగు మళ్లీ ఎక్కదు.

గింజలు నాటి నెలైంది, ఒక్కటీ మొలవలేదు. పాత గింజలా?

కాకపోవచ్చు. తవ్వి చూడండి. గింజ నాటిననాడు ఎంత ఉందో అంతే గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటే తప్పు గింజది కాదు, దాని తోలుది. ఆ తోలు గుండా నీరు దూరదు. బీట్లో పడ్డ గింజ ఎండకు, వానకు, రాళ్ల రాపిడికి మెల్లగా బీటలిచ్చి, కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు మొలుస్తాయి. కరువు నేలలో బతికే మొక్కకు అది తెలివే. ఒక్క వానను నమ్మి అన్నీ మొలిచి, తర్వాత వాన ఎగ్గొడితే వంశమే పోతుంది. మనకు మాత్రం అన్నీ ఒకేసారి మొలవాలి కాబట్టి ఆ తోలును మనమే తెరవాలి.

వేడినీటి పద్ధతి అందరికీ కుదురుతుంది. గింజల కంటే అయిదారు రెట్ల నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీద నుంచి దించండి. రెండు మూడు నిమిషాలు ఆగి, గింజల మీద పోయండి. నీళ్లు వాటంతట అవే చల్లారేదాకా, అంటే రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే కొన్ని గింజలు ఉబ్బి రెట్టింపయి ఉంటాయి. వాటిని ఆ రోజే నాటాలి. ఉబ్బనివాటికి మళ్లీ అదే వేడినీటి స్నానం. గింజల్ని పొయ్యి మీదే నీళ్లలో ఉడికించడం చాలామంది చేసే తప్పు. అప్పుడు గింజ ఉబ్బుతుంది, కానీ లోపల చచ్చి ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో వాసన వస్తే అదే కారణం.

పది ఇరవై గింజలే ఉంటే వేడినీళ్లు కూడా అక్కర్లేదు. గింజ కాయకు అతుక్కున్న చోట కన్ను ఉంటుంది. దానికి ఎదురు వైపున నెయిల్ కట్టర్‌తో తోలు కొద్దిగా గిల్లండి, లోపలి పప్పు తెల్లగా కనిపిస్తే ఆపేయండి. లేదా సాండ్ పేపర్ మీద నాలుగు రుద్దులు రుద్దండి. కన్ను వైపు గిల్లితే మొలక దెబ్బతింటుంది. పెద్ద నర్సరీల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేస్తారు, ఇళ్లలో ఆ జోలికి పోవద్దు.

తోలు తెరుచుకున్న గింజ వెచ్చటి రోజుల్లో వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. చలికాలంలో పెడితే ఆలస్యమవుతుంది, కుళ్లుడూ ఎక్కువే.

సంచుల్లో మొక్కలు పెంచడం ఎలా?

సంచి వెడల్పు కంటే లోతు ముఖ్యం. తంగేడు మొలకెత్తగానే ముందు వేరు కిందికి దించుకుని, తర్వాతే పైకి పెరుగుతుంది. 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు సంచి మంచిది. కింద, పక్కల చిల్లులు తప్పనిసరి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది. కొబ్బరి పొట్టు వద్దు, తడి పట్టి ఉంచుతుంది.

సంచికి రెండు గింజలు, అర అంగుళం లోతున. మొలిచాక బలమైనది ఉంచి, రెండోది పీకకుండా కత్తెరతో కత్తిరించండి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. ఫిబ్రవరి చివర్లో, మార్చిలో పోసిన గింజ మృగశిర కార్తె నాటికి నాటు మొక్కవుతుంది. నాలుగు నెలలకు మించి సంచిలో ఉంచితే అడుగున వేరు చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్క నాటాక పైకి బాగానే కనిపించి, మొదటి ఎండాకాలంలో నిలువునా ఎండిపోతుంది. నాటేటప్పుడు సంచి అడుగున చుట్టుకున్న వేరు కనిపిస్తే ఆ అంగుళం పదునైన కత్తితో కోసేయండి.

నేరుగా గట్టు మీద విత్తొచ్చా?

విత్తొచ్చు, అదే మేలు కూడా. వేరు ఎక్కడా ఆగకుండా నేరుగా దిగుతుంది. తొలకరి రెండు మంచి వానలు పడ్డాక, జానెడు లోతు మట్టి గుల్ల చేసి, చోటుకు నాలుగు గింజలు వేయండి. అన్నిటికీ వేడినీటి శుద్ధి చేయకుండా, సగం అలాగే వేయడం తెలివైన పని. వాన వెనకబడి మొదటి విడత మొలకలు పోయినా, శుద్ధి చేయని గింజలు తర్వాతి వానకో, పై ఏటికో అందుకుంటాయి.

అడవిలోంచి పెద్ద మొక్క తవ్వుకొచ్చి నాటితే?

బతకదు. నడుమెత్తు తంగేడుకు వేరు ఎంత లోతు పోయిందో తవ్వేవాడికే తెలుస్తుంది. పైన గడ్డపార ఆడినంత మేరకే మట్టి వస్తుంది, అసలు వేరు తెగి అక్కడే ఉంటుంది. పైగా రిజర్వు అడవిలో తవ్వడం చట్టరీత్యా తప్పు. అక్కడి కాయలు నాలుగు తెచ్చుకుంటే ఇక్కడ వంద మొక్కలవుతాయి.

నీళ్లు ఎన్ని రోజులకోసారి పోయాలి? ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి.

రోజూ పోస్తున్నారన్నమాట. ఆకు కిందినుంచి పసుపెక్కడం, కొమ్మ చివర వాలడం, మట్టి తడిగా ఉండటం మూడూ కలిస్తే వేరు ఊపిరాడక కుళ్లుతోందని అర్థం. వాలింది కదా అని ఇంకో బిందె పోయడంతో కథ ముగుస్తుంది. మొక్క మొదట్లో మట్టి వేలితో తవ్వి చూడండి. రెండంగుళాల లోతున తడి తగిలితే నీళ్లు ఆపండి.

కొత్తగా నాటిన మొక్కకు లెక్క ఇది. అడుగు పొడవు, వెడల్పు, లోతున్న గుంత సరిపోతుంది. తీసిన మట్టినే రెండు దోసిళ్ల మాగిన ఎరువు కలిపి తిరిగి నింపండి. నాటిన మొదటి నెల వాన లేకపోతే అయిదారు రోజులకోసారి మూడు నాలుగు లీటర్లు. తర్వాత చలికాలమంతా పదిహేను రోజులకోసారి. మొదటి ఎండాకాలంలో రెండు మూడు వారాలకోసారి, ఈసారి కొంచెం ఎక్కువగా, మట్టి లోతుగా తడిసేలా. రెండో వానాకాలం దాటాక ఇక పోయనక్కర్లేదు. పైపైన చల్లే నీళ్లు మొక్కకు చేటే, వేరు పైనే తిరగడం నేర్చుకుంటుంది.

ఎండాకాలంలో ముదురు మొక్క కొంత ఆకు రాల్చడం మామూలే. అది జబ్బు కాదు, పొదుపు.

ఎరువు ఏం వేయాలి? పప్పుజాతి మొక్క కదా, నత్రజని దానంతట అదే తయారు చేసుకుంటుందంటారు?

పప్పుజాతి కుటుంబమే. కానీ సెన్నా జాతి మొక్కల వేర్లకు నత్రజని పట్టే బుడిపెలు రావు. కంది, జనుము పీకి చూస్తే కనిపించే బుడిపెలు తంగేడు వేరుకు వెతికినా దొరకవు. కాబట్టి ‘తంగేడు ఉంటే నేల నత్రజనితో నిండుతుంది’ అనేది తప్పు. దాని బలం లోతైన వేరులో, రాలే ఆకులో ఉంది.

యూరియా వేయొద్దు. వేస్తే కొమ్మలు మెత్తగా సాగుతాయి, పూత వెనకబడుతుంది, గొంగళి పురుగు ఎగబడుతుంది. ఏడాదికోసారి తొలకరిలో తట్టెడు పశువుల ఎరువు, అదీ మరీ పేద నేలయితేనే.

బతుకమ్మకు సరిగ్గా పూత అందాలంటే ఏం చేయాలి?

ఇది కత్తిరింపు లెక్క. తంగేడు పూసేది ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మల చివర, చివరి ఆకుల పంగల్లో. పాత కొమ్మ మీద పూత ఉండదు. అందుకే ఏళ్ల తరబడి కత్తిరించని మొక్క కింద బోసిగా కర్రలు తేలి, పైన అందని ఎత్తున నాలుగు గుత్తులు పూస్తుంది.

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై, ఆశ్వయుజ దుర్గాష్టమి దగ్గర సద్దులతో ముగుస్తుంది. అంటే సెప్టెంబరు చివర, అక్టోబరు. కొత్త చిగురు వచ్చి, సాగి, మొగ్గ తొడిగి, విచ్చుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి మే నెలాఖరులో, తొలకరికి ముందే కొట్టాలి. నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తు మిగిల్చి, ఏటవాలుగా, పదునైన కత్తెరతో. మొదటి వానకు మోడు చుట్టూ చిగుళ్లు గుంపుగా వస్తాయి. వాటిలో ఏడెనిమిది బలమైనవి ఉంచి, లోపలికి తిరిగినవి తీసేయండి. జులై మొదటి వారంలో, చిగురు మూరెడు ఉన్నప్పుడు, కొసలు ఒక్కసారి గిల్లితే ఒక్కో కొమ్మ రెండు మూడుగా చీలి గుత్తులు పెరుగుతాయి. ఆ తర్వాత చేయి పెట్టొద్దు. ఆగస్టులో ‘గుబురుగా ఉంది, కొంచెం సరిచేద్దాం’ అని కొట్టినవాళ్లకు పండుగ నాటికి ఆకులే మిగులుతాయి.

మూడేళ్లకోసారి నేలకు జానెడు ఎత్తున మొత్తం కొట్టేయొచ్చు. మోడు నుంచి మళ్లీ బాగా లేస్తుంది. మొదటి ఏడాది మొక్కకు మాత్రం కత్తిరింపు వద్దు.

తట్టెడు పూలు కావాలంటే ఒక మొక్క చాలదు. ఇంటి బతుకమ్మకు నాలుగైదు ముదురు మొక్కలు ఉంటే ఇబ్బంది పడరు. మొక్కకూ మొక్కకూ నాలుగైదు అడుగుల ఎడం.

పువ్వు కోయడంలో పద్ధతి ఏమైనా ఉందా? తెచ్చిన పూలు సాయంత్రానికే వాడిపోతున్నాయి.

పొద్దున మంచు ఆరీ ఆరకముందే కోయండి. సగం విచ్చుకున్న పూలు, నిండు మొగ్గలు కలిసిన గుత్తి ఎంచుకోండి. పూర్తిగా విచ్చినవి మధ్యాహ్నానికి రేకులు రాలుస్తాయి. జానెడు కాడతో కత్తిరించి, కాడలు నీళ్లలో ముంచి, పైన తడి గుడ్డ కప్పి నీడలో ఉంచితే సాయంత్రం బతుకమ్మ పేర్చేదాకా నిలుస్తాయి. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి బండి మీద తెస్తే ఉడికిపోతాయి. తంగేడు మరుసటి రోజుకు ఆగే పువ్వు కాదు. గునుగు, బంతి ముందురోజు తెచ్చుకోండి, తంగేడు ఆ రోజుదే తెచ్చుకోండి.

చేత్తో విరవొద్దు. తంగేడు చెక్క, అంటే బెరడు, నారలా బలమైనది. కొమ్మ విరిచి లాగితే తునగదు, చెక్క కిందికి మూరెడు పొడవున తోలు ఒలిచినట్టు లేచి వస్తుంది. ఆ పచ్చి గాయం నుంచి కొమ్మ మోడు దాకా ఎండుతుంది. ఊళ్ల పక్క తంగేళ్లు ఏటికేడు తగ్గిపోవడానికి గట్ల మీద కలుపు మందు కొట్టడం ఒక కారణమైతే, పండుగ తొమ్మిది రోజులూ జరిగే ఈ పీకుడు రెండోది. జేబులో చిన్న కత్తెర పెట్టుకుంటే సరిపోయే పని.

ఆకులన్నీ ఆకుపచ్చ గొంగళి పురుగులు తినేస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?

ఏమీ కొట్టొద్దు. ఒంటి రంగు ఆకు రంగే, పక్కన సన్నటి చార, నునుపుగా ఉంటే అవి ఎమిగ్రెంట్ జాతి సీతాకోక చిలుకల పిల్లలు. తెల్లగా, లేత ఆకుపచ్చగా వానాకాలంలో గుంపులుగా ఎగిరేవి ఇవే. సెన్నా జాతి ఆకులే వాటి తిండి. మొక్క బోసిపోయినా రెండు మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. చిన్న మొక్క అయితే మాత్రం పురుగుల్ని ఏరి పెద్ద మొక్క మీద వదలండి.

కొమ్మ చివర తెల్లటి పిండి ముద్దలుంటే అది పిండినల్లి. ఆ కొస కత్తిరించి పారేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

మిద్దె మీద బాగా పూస్తోంది కానీ కాయలు పడటం లేదు. ఎందుకు?

తుమ్మెదలు రావడం లేదు. తంగేడు పువ్వును దగ్గరగా చూడండి. పది కేసరాల్లో పైన మూడు పొట్టివి, ఉత్తవి. కిందివి పొడవుగా వంగి ఉంటాయి. పుప్పొడి కేసరం పక్కనుంచి రాలదు, కొసన ఉండే చిన్న రంధ్రంలోంచి రావాలి. పెద్ద నల్ల తుమ్మెద కేసరాన్ని పట్టుకుని రెక్కలు ఆడించకుండా ఒళ్లు మాత్రం ఝుమ్మని వణికిస్తుంది. ఆ అదురుకు ఉప్పు డబ్బాలోంచి ఉప్పు రాలినట్టు పుప్పొడి దాని పొట్ట మీద పడుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు.

ఈ పువ్వులో తేనె కూడా ఉండదు, పుప్పొడే బహుమానం. అందుకని ‘అచ్చమైన తంగేడు పూల తేనె’ అని సీసా మీద రాసి అమ్మితే ధర అడగకుండానే పక్కన పెట్టేయొచ్చు. మొక్క మీద చీమలు తిరిగేది పూల కోసం కాదు, ఆకు ఈనె మీది గ్రంథుల దగ్గరికి.

తుమ్మెదలు రావాలంటే అవి గూడు తొలుచుకునే ఎండు కర్ర, వెదురు ముక్క దగ్గర్లో ఉంచండి.

మేకలు, పశువులు తింటాయా? కంచెగా వేయొచ్చా?

మామూలు రోజుల్లో మూతి పెట్టవు. కరువు నాడు లేత కొసలు కొరుకుతాయేమో. అందుకే మేత అంతా అయిపోయిన బీట్లో తంగేడు, బందారు మాత్రం పచ్చగా మిగులుతాయి. కాబట్టి తంగేడు దట్టంగా ఉన్న బీడు చూసి మంచి మేత నేల అనుకోకూడదు, అక్కడ గడ్డి కొరుక్కుపోయి చాలాకాలమైంది.

కంచె అంటే ముళ్లుండవు కాబట్టి ఇది ఒక్కటే ఆపదు. రెండడుగుల ఎడంతో రెండు వరసలు చెదురుగా నాటి, మధ్య మధ్య వాక్కాయ పెడితే పశువు దూరదు. గట్టు కోతను మాత్రం ఒక్క వరసైనా బాగా ఆపుతుంది.

పచ్చిరొట్టగా వరి మళ్లలో వేయొచ్చా?

వేయొచ్చు, కానుగ, జిల్లేడుతో పాటు పాతకాలం నుంచి వాడుకలో ఉన్నదే. ఎకరాకు రెండు, రెండున్నర టన్నుల లేత రొట్ట దమ్ములో తొక్కించి, వారం పది రోజులు మాగనిచ్చి నాటు వేయాలి. వేలు లావు దాటిన కొమ్మలు ఏరేయండి. వాటి చెక్కలో వగరు ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు, నాటేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటుంది.

తోళ్ల పనికి వాడేవారంటారు, నిజమేనా?

నిజమే. చెక్కలో సుమారు 15 నుంచి 18 శాతం టానిన్, అంటే తోలును పదును చేసే వగరు పదార్థం ఉంటుంది. పల్లెల్లో లంద అనే తొట్టిలో తంగేడు చెక్క దంచి నానేసి, తోళ్లను అందులో ఊరబెట్టేవారు. చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు చేసిన మాదిగల చేతి పనికి ఇది మూలవస్తువు. మద్రాసు నుంచి విదేశాలకు పోయిన తోళ్లకు కూడా ఇదే చెక్క. తమిళంలో దీని పేరు ఆవారం, ఆంగ్లంలో టానర్స్ కాసియా అన్నారు.

తంగేడుతో పదును చేసిన తోలుకు ఒక గుణం ఉంది. అది మొదట లేత రంగులో ఉండి, ఎండ తగిలేకొద్దీ ఎర్రబారుతుంది. అందుకని చివర్లో కరక్కాయ నీళ్లలో ఊరబెట్టి రంగు నిలిపేవారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క వచ్చి దీన్ని పక్కకు నెట్టింది.

తంగేడు పూల టీ తాగితే షుగర్ తగ్గుతుందా?

ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చక్కెర తగ్గిన దాఖలాలు ఉన్నాయి. దాన్ని పట్టుకుని మాత్రలు మానేయడం ప్రమాదం. మాత్రలు వేసుకుంటూ పైన ఇది కూడా తాగితే చక్కెర మరీ పడిపోయే వీలుంది. శ్రీలంకలో రణవర అనే పేరుతో ఈ పానీయం మామూలు అలవాటు. అక్కడే జరిగిన ఒక పరీక్షలో, ఎలుకలకు కార్బమజపీన్ అనే మూర్ఛ మందుతో పాటు ఇది ఇస్తే రక్తంలో మందు మోతాదు పెరిగింది. మూర్ఛ మందులు వాడేవారు, గర్భిణులు దీని జోలికి పోకపోవడం మంచిది. మిగతావారు డాక్టరుకు చెప్పి తాగండి.

ఇంకో రెండు మాటలు. ‘తంగేడు ఆకు పొడి’ అని అమ్మేది కొన్నిసార్లు నేల తంగేడు, అంటే సునాముఖి అయ్యే అవకాశం ఉంది. తాగిన రాత్రే కడుపు కడిగేస్తే కారణం అదే కావచ్చు. పత్తి చేల గట్ల మీది పూలు తాగడానికి, సున్నిపిండిలోకి వాడొద్దు, చేనుకు కొట్టిన మందు వాటి మీదా పడుతుంది. ఆరబెట్టేటప్పుడు కాడలు, ఆకుపచ్చ తొడిమలు తీసేసి, నీడలో ఒక్క పొరగా పరిస్తే మూడు నాలుగు రోజుల్లో గరగరలాడతాయి. ఎండలో వేస్తే రంగు చచ్చి గోధుమ రంగుకు తిరుగుతాయి.

కుండీలో పెంచొచ్చా?

18 అంగుళాల లోతు డ్రమ్ము అయితే సరే, పూలకుండీ చాలదు. మట్టిలో మూడో వంతు ఇసుకో, సన్న కంకరో కలపండి. కింద పళ్లెం పెట్టొద్దు. ఏటా కత్తిరింపు తప్పనిసరి.

తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇదేనా? ఎప్పుడు ప్రకటించారు?

అవును. 2014 నవంబరులో. పాలపిట్ట, జింక, జమ్మి కూడా అప్పుడే రాష్ట్ర చిహ్నాలయ్యాయి.

తమిళనాడులో, రాయలసీమలో కూడా దీనికి పండుగ ఉందా?

తమిళనాడులో భోగి నాడు ఆవారం పువ్వును వేపాకుతో, పిండికూర పూలతో కలిపి ఇంటి చూరుకు కాపు, అంటే రక్షగా కడతారు. ఆవారం పూసి ఉండగా చచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అనే అర్థం వచ్చే సామెత కూడా వాళ్లకు ఉంది. రాయలసీమలో ఇది పూజ కంటే పనిముట్టు. పళ్లు తోముకునే పుల్ల, పొయ్యిలోకి కంప, మడిలోకి రొట్ట.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటున్నాం. గింజలు తీసుకెళ్లి పెంచుకోవచ్చా?

అనుమతి లేకుండా సంచిలో వేసుకెళ్లొద్దు. రెండు దేశాల్లోనూ గింజల దిగుమతికి మొక్కల ఆరోగ్య నిబంధనలున్నాయి, విమానాశ్రయంలో చెప్పకుండా దాస్తే జరిమానా పడుతుంది. సరైన పత్రాలతో తెప్పించుకున్నా, మంచు గడ్డకట్టే చోట ఇది ఆరుబయట బతకదు. డ్రమ్ములో పెట్టి, చలి మొదలవగానే ఎండ పడే కిటికీ దగ్గరికి చేర్చి, చలికాలమంతా నీళ్లు నెలకు ఒకటి రెండుసార్లకు మించకుండా పోయాలి. అక్కడి వెలుతురుకు సెప్టెంబరు పూత అందడం కష్టమే. పండుగ వరకైతే స్థానికంగా దొరికే పసుప్పచ్చ చామంతితో బతుకమ్మ పేర్చుకోవడం తేలిక.